పళ్లెములోని కొరత: విటమినులనుగూర్చి ఒక పాఠము

మన పల్లెలలో ఇద్దరు స్త్రీలు నల్లాయొద్దనో బావియొద్దనో కలిసికొనినప్పుడు మొదట అడుగుమాట "తిన్నవా?" అని. ఆ వెంటనే వచ్చు రెండవ మాట "ఏం కూర?" అని. మొదటి ప్రశ్న కడుపునుగూర్చినది. రెండవది ఊరక అడిగినట్లుండును గాని అందులో గొప్ప వివేకమున్నది. ఏలయనగా కడుపు నిండిన మనుష్యుడు సయితము లోలోపల ఆకలిగొనియుండవచ్చును. రొట్టెగాని అన్నముగాని ఎంత తిన్నను తీరని ఆకలి ఒకటి గలదు. నల్లగొండ, పాలమూరు సీమలలో ఈ రెండవ ఆకలి ఎట్టి రూపములలో కనబడినదో, దానిని మన పొయ్యియొద్దనే ఎట్లు తీర్చుకొనగలమో ఈ పాఠములో చూతము.

1. విటమినులనగా నేమి?

మనము తిను ధాన్యము, నూనె శరీరమునకు బలమునిచ్చును. పప్పు, పాలు, గుడ్లు, మాంసము కండను కట్టును. అయితే ఈ పని సాగుటకు మరికొన్ని పదార్థములు కావలెను. బండికి మంచి ఎద్దులు, గట్టి చక్రములు ఉన్నను ఇరుసునకు కందెన లేనియెడల బండి కిర్రుమని మధ్యదారిలో నిలిచిపోవును. కందెన బండిని లాగదు, బరువును మోయదు. కాని అది లేక బండి నడువదు. విటమినులు, అనగా జీవసత్వములు, అట్టివి. ఇవి పదమూడు. ఎ, సి, డి, ఇ, కె అను ఐదును, బి జాతికి చెందిన ఎనిమిదియు. కావలసిన పరిమాణము మిక్కిలి స్వల్పము. విటమిను సి దినమునకు గ్రాములో పదవ వంతైనను అక్కరలేదు. బి12 కంటికి కనబడనంత స్వల్పము చాలును. వీటిలో చాలవాటిని శరీరము తనంతట తాను చేసికొనలేదు. ఆహారమునుండి పొందవలసినదే.

ఈ సంగతి మనుష్యులు నేర్చుకొనుటకు బహుకాలము పట్టెను. 1747లో జేమ్సు లిండు అను ఓడవైద్యుడు చిగుళ్లు చీకి రక్తము కారుచున్న నావికులను జంటలుగా విభజించి, జంటకొక విధమైన ఆహారపానీయములిచ్చి చూడగా, నారింజలు, నిమ్మలు తిన్నవారే త్వరగా లేచిరి. 1890 తరువాత జావా ద్వీపములో ఎయిక్మన్ అను డచ్చి వైద్యుడు మరపట్టిన తెల్లబియ్యము తిన్న కోళ్లు కాళ్లు పడిపోవుటయు, తవుడుతో కూడిన బియ్యము తిన్నవి కోలుకొనుటయు కనిపెట్టెను. 1912లో కాసిమిర్ ఫంక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పదార్థములకు విటమినులని పేరు పెట్టెను.

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయమును మన చదువరులెరుగుదురు. ఆ నలుగురు యౌవనులు రాజుగారి భోజనమును కాదని, పది దినములు శాకాహారమును నీళ్లును ఇచ్చి, పిమ్మట తమ ముఖములను ఇతరుల ముఖములతో పోల్చి చూడుమని కోరిరి. ఆ వృత్తాంతము వారి విశ్వాసమునుగూర్చినదేగాని వంటనుగూర్చినది కాదు. అయినను ఆహారమును పేరునుబట్టి గాక, తిన్నవారి దేహములో కలుగు ఫలమునుబట్టి తీర్పు తీర్చవలెనను మాట అందులోనున్నది. రాజభోజనమైనను, పేదవాని గటకయైనను, ఈ పరీక్ష ఒక్కటే.

2. జొన్న తిన్నవారి వ్యాధి

మన తాతలనాటి ఆహారమేమి? జొన్నరొట్టె, జొన్నగటక, అంబలి. జొన్న మంచి ధాన్యము. వానలు తక్కువైన మన ఎర్రనేలలలో పండి, కరువులో మన జనులను బ్రతికించినది. అయితే కూలివారి యిండ్లలో కరువు నెలలందు జొన్నరొట్టె ప్రక్కను ఎల్లిగడ్డ కారము తప్ప మరేమియు ఉండెడిది కాదు. పప్పు లేదు, మజ్జిగ లేదు, కూర లేదు.

అట్టివారికి ఒక వ్యాధి కలిగెడిది. దాని పేరు పెల్లాగ్రా. ఎండ తగులుచోట్ల, అనగా ముంజేతులమీద, పాదములమీద, మెడచుట్టు హారము వేసినట్లుగా చర్మము నల్లబడి, పగిలి, పొరలూడును. నాలుక ఎర్రబడి మండును. విరేచనములు పట్టుకొనును. ముదిరినప్పుడు నిద్ర పోయి, మనస్సు చెదరి, మతి తప్పును. చికిత్స లేనిచో మరణము. చేలలో ఎండలో పనిచేయువారికే ఇది హెచ్చుగా కనబడుటచేత అనేకులు దీనిని ఎండదెబ్బ యనియో చర్మరోగమనియో తలంచిరి.

ఇదే వ్యాధి అమెరికా దక్షిణ రాష్ట్రములలో మొక్కజొన్న తిను పేద కౌలుదారులను వేలకొలది చంపెను. 1914లో ఆ ప్రభుత్వము జోసెఫ్ గోల్డుబెర్గరు అను వైద్యుని పరిశోధనకు పంపెను. అందరును ఇది అంటువ్యాధి యనుచుండగా, ఆయన అనాథశాలలలోని పిల్లలకు పాలు, మాంసము, చిక్కుడుజాతి గింజలు చేర్చి పెట్టించి వ్యాధిని నిలిపివేసి, ఇది అంటు కాదు, పళ్లెములోని కొరత అని చూపెను. అచ్చట పత్తిని ఇంటి గడపవరకు నాటుటచేత కూరమడికి చోటు లేకపోయెను. 1937లో ఎల్వెజెం అను శాస్త్రజ్ఞుడు ఆ కొరత నియాసిను అను బి విటమినుదని కనుగొనెను.

మన దేశములో ఆహార పరిశోధన 1918లో కూనూరులో, రాబర్టు మెక్కారిసన్ చేతిక్రింద, బెరిబెరి వ్యాధి విచారణగా ఒక చిన్న గదిలో మొదలాయెను. ఆ పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. అచ్చటి వైద్యులు సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్యగార్లు తెలంగాణ జొన్నభోజులలోని పెల్లాగ్రాను పరిశీలించి, 1960లో ఒక క్రొత్త మాట చెప్పిరి. జొన్నలో లూసిను అను మాంసకృత్తు భాగము మిక్కిలి హెచ్చు. అది హెచ్చగుటచేత శరీరము నియాసినును వాడుకొను క్రమము చెడుచున్నది అని. ఈ కారణమునుగూర్చి తరువాత శాస్త్రజ్ఞులలో వాదములు జరిగినవి. అయితే నియాసిను ఇచ్చిన రోగి కోలుకొనుననుటలోను, జొన్నతో పప్పు, పాలు, గుడ్లు, పల్లీలు కలిసినచో ఈ వ్యాధి రాదనుటలోను వాదము లేదు.

ఇందులో మనము తలపోయవలసిన దుఃఖకరమైన సంగతి యొకటున్నది. నియాసిను సమృద్ధిగానున్న ఆహారములలో పల్లీలు ముఖ్యమైనవి. ఒక గుప్పెడు వేయించిన పల్లీలలో దినమునకు కావలసిన నియాసినులో సుమారు నాలుగవ వంతు దొరకును. పాలమూరు పల్లీల సీమ గదా! పల్లికాయను పెరికిన చేతులే నియాసిను లేక పగిలినవి. పండినదంతయు బస్తాలకెత్తి అంగడికి పోయెను. అమ్ముటలో తప్పు లేదు. అప్పు తీరవలెను గదా. కాని అమ్మకముందు ఇంటివారికొరకు ఒక కుంచెడు తీసిపెట్టుట కూడ సేద్యములో భాగమే.

3. బియ్యము వచ్చిన తరువాత

1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చిన పిమ్మట జొన్న క్రమముగా మన యిండ్లలో వెనుకకు పోయి అన్నము ముందుకు వచ్చినది. పెల్లాగ్రా అరుదాయెను. పేదవాని కుండ నిండినది. ఇది గొప్ప మేలు. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యపు పంపిణీ ఆరంభమైనప్పుడు అనేక గృహములలో సంతోషము కలిగెను.

అయితే జొన్న ఒంటరిగా మనుష్యుని పోషింపలేనట్లే బియ్యమును ఒంటరిగా పోషింపలేదు. మరలో బియ్యమును తెల్లగా తీసినకొలది పైపొరలోని బి విటమినులు తవుడుతో పోవును. ఆ తవుడు బర్రెకు బలము, మనకు తెల్లని అన్నము! పూర్వము సర్కారు జిల్లాలలో మరపట్టిన పచ్చిబియ్యము తినువారిలో బెరిబెరి వ్యాధి కనబడినది. వడ్లను ఉడికించి ఆరబెట్టి ఆడించిన ఉప్పుడుబియ్యము తినువారిలో అది అరుదుగానుండెను. ఉడికించునప్పుడు పైపొరలోని సత్వము గింజలోపలికి దిగుటయే దీనికి కారణము.

మరియొక సంగతి. మన చేలలో జొన్నసాళ్ల మధ్య కంది, అలసంద, పెసర వేయుట వాడుక. చేనిలో దానంతటదే మొలచు తోటకూర, గంగవాయిలి కూర ఒడినిండ కోసికొని వచ్చెడివారు. జొన్న పోయినప్పుడు దాని వెంట ఈ పప్పు, ఈ కూర కూడ పోయినవి. పత్తిచేలు విస్తరించినవి, గడ్డిమందు చల్లిన చేనిలో కూర మొలవదు, మొలచినను దానిని కోయరాదు. ఒక ధాన్యము మారినదని మనమనుకొంటిమి. నిజమునకు దానితోకూడ పళ్లెమంతయు మారినది.

కేంద్ర ప్రభుత్వము 2021లో ప్రకటించి, 2024 నాటికి రేషను బియ్యములో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 కలిపిన గింజలను చేర్పించినది. ఆ గింజలు రంగులో కొంచెము భేదముగానుండుటచేత ప్లాస్టికు బియ్యమని వదంతి పుట్టెను. అవి బియ్యపు పిండితో చేసినవే. బియ్యములో అట్టివి కనబడినయెడల ఏరి పారవేయకుడి.

4. పిల్లల కన్నులు

సాయంకాలము దీపము పెట్టువేళ చిన్నబిడ్డ గోడను తడవుకొనుచు నడచినను, ఎదుటనున్న ముంతను కానక తన్నినను, అది అల్లరి కాదు, రేచీకటి కావచ్చును. ఇది విటమిను ఎ కొరత. కన్ను తెల్లగుడ్డుమీద నురుగువంటి మచ్చలు కనబడుట, కన్ను తడి ఆరుట తరువాతి గురుతులు. అప్పటికిని మేలుకొననిచో నల్లగుడ్డు మెత్తబడి చూపు శాశ్వతముగా పోవును. ముఖ్యముగా తట్టు పోసిన బిడ్డలకు ఈ అపాయము హెచ్చు.

హైదరాబాదు సంస్థలో జరిగిన పరిశోధన ఆధారముగా 1970లో దేశమంతట పిల్లలకు విటమిను ఎ ద్రావణము పోయు పథకము మొదలాయెను. తొమ్మిదవ నెలలో ఒక లక్ష యూనిట్లు, పిమ్మట ఐదేండ్లవరకు ఆరు నెలలకొకమారు రెండు లక్షల యూనిట్లు ఇత్తురు. బిడ్డకు అది పోసినదియు లేనిదియు టీకా కార్డులో చూచుకొనవలెను. ఎక్కువ మంచిదని ఇంటివద్ద వేరుగా పోయరాదు. ఈ విటమిను శరీరములో నిలువయుండునది గనుక మితిమీరిన హాని చేయును.

ఆహారములో విటమిను ఎ ఎక్కడ? పుట్టిన బిడ్డకు మొదటి గంటలోనే పట్టవలసిన తల్లి ముర్రుపాలలో. తరువాత మునగాకు, తోటకూర, బచ్చలి, పొన్నగంటికూరలలో, పండిన బొప్పాయిలో, మామిడిలో, గుడ్డులో, పాలలో. ఆకుకూరలోనిది ఒంటబట్టవలెనన్న కొంచెము నూనె చేరవలెను. బిడ్డ పప్పన్నములో రెండు చెంచాల మెత్తని ఆకుకూర, ఒక చుక్క నూనె కలుపుట మందు కొనుటకంటె సులభము గదా!

5. తల్లుల రక్తము

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతోనుండిరి. ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మంది. ఈ లెక్కను మన సంఘమునకు అన్వయించుకొని చూడుడి. మందిరములో చాపమీద కూర్చున్న ప్రతి ఇద్దరు స్త్రీలలో ఒకరికి రక్తము చాలదన్నమాట.

రక్తమునకు ఇనుము కావలెను. దానితోకూడ ఫోలిక్ ఆమ్లము, బి12 అను విటమినులును కావలెను. లూసీ విల్సు అను వైద్యురాలు 1928 తరువాత బొంబాయిలో బట్టల మిల్లుల గర్భవతులైన కూలి స్త్రీల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారములో దానికి విరుగుడు ఉన్నదని చూపెను. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లము. దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు మన తెలుగువాడే. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలో లెడర్లీ సంస్థలో, 1945లో ఆ పని సాధించిరి. స్ప్రూ అను పేగుల వ్యాధికి తన సహోదరుని పోగొట్టుకొనిన ఆయన చేతిమీదుగనే ఆ వ్యాధికి ఉపయోగపడు మందు వచ్చుట గమనింపదగినది.

నేడు గర్భిణికి నాలుగవ నెలనుండి దినమునకొకటి చొప్పున 180 ఇనుము–ఫోలిక్ మాత్రలు, ప్రసవము తరువాత మరి 180 ఉచితముగా ఇచ్చుచున్నారు. మలము నల్లబడినదని, వికారమాయెనని అనేకులు వాటిని అటకమీద పెట్టుచున్నారు. మలము నల్లబడుట హాని కాదు. వికారమైనచో భోజనము చేసిన పిమ్మట మ్రింగవలెను. టీతో మ్రింగరాదు, టీ ఇనుమును కట్టివేయును. నిమ్మరసము, జామపండు, ఉసిరికాయ తోడైనచో ఇనుము చక్కగా ఒంటబట్టును. బి12 మాత్రము ఆకులలో లేదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసములోనే దొరకును.

ఇక్కడ మేము కొంచెము కఠినముగా మాటలాడవలసియున్నది. మన యిండ్లలో ఎవరు ఎప్పుడు తిందురు? మొదట పురుషులు, పిమ్మట పిల్లలు, అందరికిని వడ్డించిన తరువాత తల్లియో కోడలో. అన్నము ఆమెకు మిగులును, కూర అడుగంటును. మిగిలిన పులుసు నీళ్లు పోసికొని, కారము నంజుకొని లేచును. గుడ్డు కొడుకునకు, పాలు అంగడికి. పొద్దంతయు నాటువేసి, కలుపుతీసి, కడుపులో బిడ్డను మోయు ఆమె పళ్లెమే ఇంట అన్నింటికన్న వట్టి పళ్లెము. అంగన్‌వాడీలో గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు ఒక పూట పూర్తి భోజనము, గుడ్డు, పాలు పెట్టు ఆరోగ్యలక్ష్మి పథకము 2015లో వచ్చినది ఇందుకే. సర్కారు పెట్టునది ఒక పూట. మిగిలిన పూటలు మన చేతిలోనివి. అందరు కలిసి కూర్చుండి తిన్న ఇంటిలో కూర తనంతట తానే సమముగా పంచబడును. దీనికి రూకలక్కరలేదు, మనస్సు మారవలెను.

6. నల్లగొండ నీరు, ఎముకలు

ఫ్లోరైడునుగూర్చి నల్లగొండవారికి చెప్పనక్కరలేదు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో బోరునీరు త్రాగి వంగిపోయిన నడుములను, గారపట్టిన పండ్లను అందరు చూచినవారే. 1973లో హైదరాబాదు సంస్థ వైద్యులు ఈ సీమలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులు యౌవనస్థులనుగూర్చి లోకమునకు తెలిపిరి. అదే నీరు త్రాగినను, ఆహారములో కాల్షియము తక్కువైన పిల్లలకే హాని ఎక్కువగుచున్నదని తేలినది. కాల్షియము ఒంటబట్టుటకు విటమిను డి కావలెను. అది చర్మముమీద పడు ఎండవలన మన శరీరములోనే తయారగును.

మొదటి మందు మంచినీరు. ఎట్టి ఆహారమును దాని స్థానమును తీసికొనలేదు. 2016 తరువాత మిషన్ భగీరథ నల్లాలు వచ్చినవి. నల్లా వచ్చినచోట త్రాగుటకు, వండుటకు బోరునీరు వాడరాదు. రెండవది ఆహారము. తైదలలో బియ్యముకన్న సుమారు ముప్పది రెట్లు కాల్షియము కలదు. నువ్వులు, మజ్జిగ, మునగాకు కూడ మంచివి. 2002లో ఆ సంస్థవారు చింతపండు తిన్న బాలురలో ఫ్లోరైడు మూత్రముద్వారా ఎక్కువగా బయటికి పోయెనని ప్రకటించిరి. మన చింతపులుసును తక్కువగా ఎంచనక్కరలేదు.

7. పొయ్యియొద్ద పాటింపవలసినవి

తెచ్చుకొనిన సత్వమును వంటలో పారబోసికొనకుండుటకు ఈ కొద్ది సూచనలు చాలును.

(1) బియ్యమును ఒకటి రెండుసార్లకు మించి కడుగరాదు. గంజి వార్చక చాలినంత నీటితో వండుట మేలు. వార్చినచో గంజిని త్రాగవలెను.
(2) ఆకుకూరను కడిగి తరుగవలెను గాని తరిగి కడుగరాదు. మూతపెట్టి తక్కువ నీటిలో ఉడికింపవలెను.
(3) పప్పు త్వరగా ఉడుకుటకు వంటసోడా వేయరాదు. అది బి1 విటమినును చెరచును.
(4) నిమ్మరసమును దింపిన తరువాత పిండవలెను.
(5) పెసలు, ఉలువలు, అలసందలు నానబెట్టి మొలకెత్తించినయెడల లేని విటమిను సి పుట్టును.
(6) బత్తాయి నల్లగొండ పేరు తెచ్చినదే గాని, జామపండులో అంతకు సుమారు నాలుగింతల విటమిను సి ఉన్నది. పెరటిలో ఒక జామచెట్టు, ఒక మునగచెట్టు, స్నానపు నీరు పారుచోట ఒక బొప్పాయి, రెండు మళ్ల తోటకూర ఉన్న యిల్లు సగము వైద్యశాల.

8. సూదియు సీసాయు

ఒంటిలో నీరసముగానున్నదని బలపు సూదికిని, గ్లూకోజు సీసాకును కూలి రూకలు వ్యయముచేయుట మన పల్లెలలో అలవాటు. ఆ సీసాలో ఉన్నది నీరు, చక్కెర లేక ఉప్పు. విటమినులు లేవు, ఇనుము లేదు. నోట తినగలవానికి అది బలమియ్యదు. నీరసమునకు కారణము రక్తహీనత కావచ్చును, క్షయ కావచ్చును, చక్కెర వ్యాధి కావచ్చును. ఆరోగ్య కేంద్రములో రక్తము పరీక్ష చేయించుకొనుట మొదటి పని. పరీక్షలో కొరత తేలినప్పుడు వైద్యుడిచ్చిన మాత్రలు తప్పక మ్రింగవలెను. కాని దినదినము పళ్లెము తీర్చవలసిన అప్పును ఏడాదికొక సూది తీర్చలేదు.

స్త్రీల సమాజములోను, కుటుంబ ప్రార్థన తరువాతను చర్చించుటకు ప్రశ్నలు

1. జొన్నయు బియ్యమును మంచి ధాన్యములే అయినను ఒంటరిగా ఎందుకు చాలవు?
2. గోల్డుబెర్గరు పెల్లాగ్రా అంటువ్యాధి కాదని ఎట్లు చూపెను? మన ఊరిలో "ఇది విధి" అనుకొను ఏ బాధలు నిజముగా పళ్లెములోని కొరతలు?
3. మీ ఊరిలో ఏ నెలలో ఏ కూర, ఏ పండు వెల లేక దొరకును? పన్నెండు నెలలకు ఒక పట్టిక వ్రాయుడి. పెద్దవారిని అడుగుడి, వారికి తెలిసిన కూరల పేర్లు వారితోనే పోనీయకుడి.
4. మీ ఇంట పండిన పంటలో అమ్మకముందు తీసిపెట్టునది ఎంత?
5. నిన్న రాత్రి మీ యింట చివర తిన్నది ఎవరు? ఆమె పళ్లెములో ఏమున్నది?